తవ్వినవాడి ముఖం

మిట్టమధ్యాహ్నం... పట్టపగలు!

అయినా ఆ వీధిలో ఇంటింటా దీపాలు వెలిగించుకోవలసి వచ్చింది. కాటుక కరిగించి పోసినట్టు కారుమేఘాలు దిక్కులన్నీ కమ్ముకున్నాయి. ఎక్కడో దూరాన ఒక ఉరుము... దాని వెనకే మరొకటి... భూగర్భంలో బండరాళ్ళు దొర్లుతున్నట్టు! ఎదురు మేడ గోడ కన్నంలోంచి ఒక గుడ్లగూబ తల బయటపెట్టి, అది పగలన్న సంగతే మరిచి, నగల పనిశాల కిటికీ వంక రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆ కిటికీ వెనక అక్కాచెల్లెళ్ళిద్దరూ పని చేసుకుంటున్నారు. అక్కది బంగారం పని, చెల్లెలిది రాళ్ళు ఎంచే పని. తల్లీ తండ్రీ పోయాక ఒకరికొకరు తప్ప వేరే దిక్కు లేదు. పోట్లాడుకోవాలన్నా మూడో మనిషి లేక, పొద్దున పోట్లాడుకుని మధ్యాహ్నానికల్లా కలిసిపోయేవారు. చెల్లెలి నవ్వు వినబడకపోతే అక్కకు చేతిలో పని సాగదు. ఆ మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు గాని, అది నిజం.

అక్కకు ఒక పంతం ఉండేది. తను కొనే రాయి మీద ఎవరి నెత్తురూ, ఎవరి కన్నీరూ ఉండకూడదు. పసివాళ్ళ చేత తవ్వించినది వద్దు, తుపాకీ చూపించి తవ్వించినది వద్దు. "రాయికి మంచీ చెడ్డా ఏమిటమ్మా, మెరుపుంటే చాలదూ?" అని వర్తకులు ఎంత నవ్వినా ఆమె మెట్టు దిగలేదు. చివరికి ఒక షరతు పెట్టింది.

"ఈ రాయిని తవ్వినవాడి ముఖం నాకు చూపించండి. అప్పుడే కొంటాను."

అందరూ నీళ్ళు నమిలారు. ఒక్కడు మాత్రం సరేనన్నాడు. మాటకు ముందోసారి, వెనకోసారి 'నిజాయితీ' అంటుంటాడని అతనికి బజారులో నిజాయితీగారని పేరు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, సన్నటి గొంతు, ఎవరినీ నొప్పించని నవ్వు. అతను తెచ్చే ప్రతి పచ్చరాయితోనూ ఒక ఫొటో వచ్చేది. గని ముందు నిలబడి, మట్టి చేతులతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఒక మనిషి ఫొటో. నగ కొన్నవాళ్ళకు అక్క ఆ ఫొటో కూడా ఇచ్చేది. జనం మురిసిపోయారు. కొందరైతే పటం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

ఒకసారి నిజాయితీగారు ఈ అక్కాచెల్లెళ్ళకూ విడివిడిగా ఫొటోలు తీశాడు. "తవ్వేవాళ్ళు కూడా మీ ముఖాలు చూడాలి కదమ్మా. న్యాయం రెండువైపులా ఉండాలి" అన్నాడు. ఎంత సంస్కారం అనుకుని అక్క జుట్టు సవరించుకుని మరీ నిలబడింది. పిచ్చితల్లి!

ఆమె పంతం అక్కడితోనూ ఆగలేదు. రాయిని సానపట్టేది కూడా తన కళ్ళముందే, తనకు తెలిసిన చేతులతోనే జరగాలంది. ఈసారి ముడిరాళ్ళే కావాలంది. నిజాయితీగారి నవ్వు మొదటిసారి కొంచెం వాడింది. ఎన్నో సాకులు చెప్పి, చివరికి ఆ పొద్దున ఒక పొట్లం పంపించాడు. ఇప్పుడు చెల్లెలి ముందు ఉన్నది ఆ పొట్లమే.

ముడిరాయి మీద మసక పొర ఉంటుంది. తడిపితేనే లోపలి రంగు తెలుస్తుంది. అందుకోసం నీళ్ళగిన్నె పక్కనే ఉన్నా చెల్లెలు నాలుకతోనే తడుపుతుంది. అది నాన్న దగ్గర పట్టుబడిన అలవాటు.

"ఛీ. ఎంగిలి రాళ్ళు అమ్ముతున్నామని తెలిస్తే కొట్టు మూసుకోవాల్సిందే" అంది అక్క, తలెత్తకుండానే.

"తర్వాత కడుగుతాగా. నీ నీతులన్నీ ఆ రాళ్ళకే చెప్పుకో" అంటూ చెల్లెలు ఒక రాయిని నాలుకకు ఆనించింది. ఒక్క క్షణం ఆగింది. "అక్కా... ఇది ఉప్పగా ఉందేంటి? చెమటలాగా."

ఫెళ్ళున పిడుగు! కిటికీ అద్దాలు గజగజలాడాయి. గుడ్లగూబ ఒక్క కూత కూసింది. చెల్లెలి చేతిలోని రాయి జారి బల్ల మీద పడింది... ఆమె కనుగుడ్లు పైకి తేలిపోయాయి... వెన్ను విల్లులా వంగింది... ఆ లేత గొంతులోంచి ఒక మగమనిషి కేక, గుండెలు పిండే ఆర్తనాదం, పనిశాలంతా మారుమోగింది!

అక్క ఒక్క ఉదుటున వచ్చి ఆమెను ఒడిసి పట్టుకుని నేల మీద పడుకోబెట్టింది. ఒళ్ళు మంచుగడ్డ. గోళ్ళ సందుల్లో, ఇంతకుముందు లేని ఎర్రమట్టి.

"గాలి లేదు" అంది ఆ మగ గొంతు. "తలుపు తియ్యండి. లోపల గాలి లేదు."

"ఎవరు నువ్వు? మా చెల్లిని వదిలెయ్యి, నీకు దణ్ణం పెడతాను."

"ఫొటో తీస్తానన్నాడు. గని ముందు నిలబడమన్నాడు. నవ్వమన్నాడు. నవ్వాం. తర్వాత లోపలికి పంపి మూత వేసేశాడు." ఆ గొంతు ఎగశ్వాసతో ఆగింది. "పైన కూర్చుని ఏదో చదివాడమ్మా. ఊపిరి ఆగినవాడు ఆగినట్టే రాయిలోకి లాగేశాడు. అందుకే అంత మెరుపు."

అక్క చూపు బల్ల మీద పొట్లంతో వచ్చిన ఫొటోల మీద పడింది. అందరూ నవ్వుతున్నారు. వాళ్ళ ముఖాలు కావాలని అడిగింది ఎవరు? తనే!

అప్పుడే తలుపు తెరుచుకుంది. గాలి విసురుకు దీపం రెపరెపలాడింది. గుమ్మంలో తెల్లచొక్కా.

"రాయిని ఎవరో నోట్లో పెట్టుకున్నారని తెలిసిపోయిందమ్మా" అన్నాడు నిజాయితీగారు, చెప్పులు విడుస్తూ. "అందుకే ముడిరాళ్ళు వద్దన్నాను. సాన పడితే నోరు మూతపడుతుంది వీళ్ళకి. మీరు వింటేగా."

అతను లోపలినుంచి గడియ వేశాడు. నల్లసంచిలోంచి నూనె జిడ్డుతో మెరిసే ఒక మానవ కపాలాన్ని తీసి, నగలు చూపించే మఖమల్ పీట మీద పెట్టాడు. దాని కోరల మధ్య కోడిగుడ్డంత పచ్చ ఒకటి ఇరికించాడు. కపాలం కింద ఒక ఫొటో పరిచాడు. అది చెల్లెలి ఫొటో! ఆపైన తన చుట్టూ బూడిదతో ఒక గీత గీసుకున్నాడు.

"అడిగింది మీరేగా" అన్నాడు ఎంతో మర్యాదగా. "అంతకుముందు నావీ మామూలు రాళ్ళే. ముఖం కావాలన్నారు మీరు. ముఖం దొరికితే మాకు మనిషి దొరికినట్టే. ఇప్పుడు మీ చెల్లెలికి అన్నీ తెలిసిపోయాయి. బయట ఉంచలేను. వాన పడేలోపు పని ముగించాలి, తడిసిన నేల నా మాట వినదు. మీరు అలా కూర్చోండమ్మా. ఈ గీత దాటారంటే మాత్రం ఆమె ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుంది."

అతని పెదవులు కదిలాయి. ఘోర బీజాక్షరాలు... కర్ణకఠోరమైన ఆ మంత్రనాదం గోడలను నాకుతూ పాకింది! కపాలం కళ్ళగుంటల్లో ఆకుపచ్చని జ్వాలలు లేచాయి. కోరల మధ్య పచ్చలో సన్నని వెలుగు పుట్టింది. అది ఒక్కో రేకు పెరుగుతున్న కొద్దీ నేల మీద చెల్లెలి పెదవులు ఒక్కో రేకు పాలిపోయాయి. బుగ్గ మీది పుట్టుమచ్చ మాసిపోతోంది. అక్క చూస్తుండగానే అదే మచ్చ రాయి లోపల, చిన్న చుక్కలా, తేలింది.

ఆకాశం ఉరుముతోంది గాని ఒక్క చినుకు రాలడం లేదు!

"రాయి... పగలాలి" అంది చెల్లెలి నోట ఆ మగ గొంతు, ఇప్పుడు బావి అడుగునుంచి వచ్చినట్టు. "మా రాళ్ళు పగలాలి. పగిలితే వస్తాం."

అక్క బల్ల మీది ముడిరాళ్ళను ఇనుప దాగలి దిమ్మె మీద పోసి సుత్తి ఎత్తింది. దెబ్బ పడింది. సుత్తి ఎగిరి గోడకు తగిలింది, ఆమె చెయ్యి భుజందాకా మొద్దుబారింది. రాయి మీద గీత కూడా పడలేదు.

నిజాయితీగారు మంత్రం ఆపలేదు గాని నవ్వాడు. మామూలుగా నవ్వే నవ్వే అది. ఇనుముకు అడ్డుకట్ట అతను ముందే వేసుకున్నాడు.

ఆ నవ్వు చూడగానే అక్క భయం ఎటో పోయింది. ఒళ్ళు మండింది. మండుతున్న ఆ క్షణంలోనే నాన్న చిన్నప్పుడు నెత్తిన మొట్టికాయ వేసి చెప్పిన మాట గుర్తొచ్చింది. పచ్చను నిప్పుకు చూపించకే, దానికి పుట్టుకతోనే లోపల నెర్రెలుంటాయి, వేడికి తట్టుకోలేదు అని. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క పచ్చను కూడా మంట దగ్గరికి పోనివ్వలేదు. ఈ పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు.

ఇప్పుడు ఆ తప్పు చేసింది. గ్యాస్ మంట వెలిగించి, చెల్లెలు నాలుకకు ఆనించిన రాయినే పట్టకారుతో పట్టుకుని మంటలో పెట్టింది. అది ఎర్రబారేదాకా పట్టుకుని, చెల్లెలి నీళ్ళగిన్నెలో వదిలింది.

ఛట్!

రాయి నిలువునా బద్దలైంది. గిన్నెలోంచి ఒక నిట్టూర్పు లేచింది. ఎన్నాళ్ళుగానో పట్టి ఉంచిన ఊపిరి ఎవరో వదిలినట్టు. పనిశాలలో తడిమట్టి వాసన వేసింది. చెల్లెలి పెదవులు ఒక పేరు పలికాయి. అక్క ఆ పేరును బిగ్గరగా తిరిగి పలికి, రెండో రాయి అందుకుంది.

"ఆపండి" అన్నాడు నిజాయితీగారు. సన్నటి గొంతు మొదటిసారి వణికింది. "అవి మీ సొత్తే కదమ్మా. కొట్టు మూతపడుతుంది."

మంట... నీళ్ళు... ఛట్! మరో పేరు, మరో గొంతు. అక్క సొరుగులు లాగింది. పొదగడానికి ఉంచిన పచ్చలు, పొదిగి అమ్మకానికి పెట్టిన పచ్చలు, అన్నీ ఊడబెరికి నిప్పులో పడేసింది. వేళ్ళు కాలి బొబ్బలెక్కాయి. పగిలిన ప్రతి రాయితో గదిలో ఎవరో ఒకరు ఎక్కువయ్యారు. కనబడటం లేదు. నేల మీద మాత్రం మట్టి పాదాల ముద్రలు... ఒకదాని పక్కన ఒకటి... బూడిద గీత చుట్టూ మూగుతున్నాయి!

ఆ గీత బతికున్నవాళ్ళకే గాని చచ్చినవాళ్ళకు అడ్డు కాదు. ముద్రలు దాన్ని తొక్కేసి లోపలికి నడిచాయి.

నిజాయితీగారు అరవబోయాడు. నోట్లోంచి మాట రాలేదు... మట్టి వచ్చింది! ఎర్రటి బంకమట్టి, ముద్దలు ముద్దలుగా! ముక్కులోంచి మట్టి, చెవుల్లోంచి మట్టి. తెల్లచొక్కా కింద పొట్ట ఉబ్బింది. రెండు చేతులతో గొంతు పీక్కుంటూ, నిలువెత్తు గాలి ఉన్న ఆ గదిలో, గని అడుగున కప్పబడిపోయిన మనిషిలా, ఊపిరి కోసం కొట్టుకున్నాడు. కపాలం ముక్కలైంది. కోరల మధ్య పచ్చ నల్లబడి పొడి పొడి అయిపోయింది. అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే గట్టిపడి, పుట్ట కూలినట్టు కూలాడు. మట్టి మధ్య పళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

అప్పుడు పడింది మొదటి చినుకు.

చెల్లెలి బుగ్గ మీద పుట్టుమచ్చ తిరిగి వచ్చింది. అక్క ఆమెను ఒళ్ళోకి లాక్కుని, ఏడుస్తూనే, గదిలో నిండిన ఆ తడి వాసనకు చేతులు జోడించింది. "మీ మంచికే అడిగాననుకున్నాను. మీ ముఖాలు అడిగింది నేనే. నన్ను ఏం చేసినా సరే."

తర్వాత చెల్లెలి నోట ఆ మొదటి గొంతు, కోపం లేకుండా, అలసటగా అంది. "ముఖం అడిగావు తల్లీ. పేరు అడగలేదు. మేం బాగున్నామా అని అడగలేదు. మా తమ్ముడు ఇక్కడ లేడు. వాణ్ణి నువ్వు అమ్మేశావు." తమ్ముడి పేరు చెప్పి, ఆ గొంతు ఆగిపోయింది.

కొట్టు ముందు బోర్డు దించేశారు, పని మాత్రం లోపల ఏదో కొంత సాగుతోంది. చెల్లెలు ఇప్పుడు రాళ్ళను నీళ్ళగిన్నెలోనే తడుపుతుంది. నవ్వడం మళ్ళీ మెల్లగా నేర్చుకుంటోంది. అక్క మాత్రం తను అమ్మిన పచ్చల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఇంట్లో ఉన్న బంగారమంతా బదులిచ్చి, కాళ్ళావేళ్ళా పడి, ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి నిప్పులో పెట్టింది. కొందరు ఆమెకు మతి చెడిందన్నారు. ఆమె కాదనలేదు.

ఒక్క ఇల్లు మిగిలింది. ఆ ఇంటావిడ మెడలోని గొలుసు మీద చెయ్యి వేసుకుని, తలుపు సగమే తెరిచింది.

"ఇవ్వనని చెప్పాను కదండీ, మళ్ళీ వచ్చారేంటి? ఈ నగంటే నాకు ప్రాణం. ఎవరి ఉసురూ తగలని రాయని మీరే కదా ఇచ్చారు."

"దాన్ని తవ్వినాయన పేరు చెబుతాను, ఒక్కసారి వినండి."

"పేరెందుకండీ? ఆ ముఖం చూస్తే తెలియట్లేదూ, ఎంత సంతోషంగా ఉన్నాడో."

ఆవిడ గోడ వైపు చూపించి తలుపు వేసేసింది. తలుపు మూసుకునే లోపల అక్క చూసింది. అద్దం వెనక, పూసల దండ వేసిన ఫొటోలో, తమ్ముడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. నవ్వమన్నారు కదా మరి.