తలకిందుల మృగం

ఎంత చూసినా ఎబ్బకి ఆ మృగం అర్థం కాలేదు.

కన్ను ఉండాల్సిన చోట కాలుంది. తల ఉండాల్సిన చోట ఏవో పిచ్చిగీతలున్నాయి. తోక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దాన్ని చేసినవాడికైనా తెలుసో లేదో.

అది లియోబ అవ్వ ఇచ్చిన కంచుబిళ్ళ మీది బొమ్మ. బిళ్ళ వెనక సూది ఉంటుంది. గౌను జారిపోకుండా ఆడవాళ్ళు భుజానికొకటి పెట్టుకుంటారు. అవ్వ జతలో ఒకటి మొన్న ఏరు దాటుతుంటే నీళ్ళలో పడిపోయింది. రేపు పొద్దున్నే అవ్వ మనవరాలు అత్తారింటికి వెళ్తోంది. ఆలోగా జోడీ కావాలి. లేకపోతే ఆ పిల్ల ఒక భుజానికి బిళ్ళ, ఇంకో భుజానికి ఎముక పుల్ల పెట్టుకుని వెళ్ళాలి. అత్తారింటివాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు.

ఎబ్బ నాన్న డుడ్డ కంచు పనివాడు. బిళ్ళను మెత్తటి మట్టిలో నొక్కి తీశాడు. బొమ్మంతా మట్టిలో పడింది. అచ్చును చూస్తూ ఉండమని చెప్పి బొగ్గుల కోసం వెళ్ళాడు.

చూడమన్నాడు గానీ ముట్టుకోమనలేదు. కానీ ఎబ్బ చేతులు ఊరుకుంటేగా. పాపం ఎవడో తెలియక తప్పు చేశాడు, అదే తప్పు నాన్న మళ్ళీ ఎందుకు చేయాలి అనుకుంది. పిచ్చిగీతల్ని వేలితో నున్నగా చెరిపేసింది. పుల్లతో గుండ్రటి కన్ను, ఒక మూతి గీసింది. ఇప్పుడది కాస్త కుక్కలా ఉంది. ఎబ్బకి ప్రాణం హాయిగా అనిపించింది.

నాన్న వచ్చేసరికి అచ్చు మీద మూతలా ఉండే పై మట్టిచిప్ప మూసేసి ఉంది. "నువ్వే మూశావా? పనిమంతురాలివే" అని ఆయన అంచులు మెత్తి, కొలిమి పక్కన ఆరబెట్టాడు.

మధ్యాహ్నం అవ్వ వచ్చి బల్ల మీద కూర్చుంది. కొలిమిలో పెట్టిన మట్టిమూసలో కంచు కరుగుతోంది. ఎబ్బ ఉండబట్టలేక, ఈ మృగానికి తల ఎక్కడుందని అవ్వనే అడిగింది.

అవ్వ బిళ్ళను ఎబ్బ భుజానికి పెట్టింది.

"ఇప్పుడు కిందికి చూసుకో."

ఎబ్బ తల వంచి చూసుకుంది. మృగం లేదు. తలకిందులైన బిళ్ళలోంచి గడ్డం ఉన్న మనిషి ఒకడు తనకేసి చూస్తున్నాడు. తను చెరిపేసిన పిచ్చిగీతలే ఆ గడ్డం.

"ఎదుటివాళ్ళకి మృగం, పెట్టుకున్నవాళ్ళకి మనిషి" అంది అవ్వ. "మా ఆయన పోయాక పదేళ్ళుగా నాకు తోడు ఈయనే. రేపట్నుంచి మా పిల్లకి తోడు."

ఎబ్బకి బుర్ర తిరిగిపోయింది. ఒకే బొమ్మ ఇద్దరెలా అవుతుంది? మరి తప్పు ఎవరిది? చెబితే నాన్న ఏమంటాడు? చెప్పకపోయినా, కంచు పోసి అచ్చు పగలగొడితే ఎలాగూ తెలుస్తుంది. కానీ అప్పటికి ఇంకోటి చేసే టైమ్ ఉండదు.

నాన్న పట్టకారుతో ఎర్రటి మూసను ఎత్తాడు. అచ్చు మీదికి వంచబోయాడు.

"పొయ్యకు నాన్నా. లోపల బొమ్మ నేను చెరిపేశాను."

డుడ్డ మూసను మళ్ళీ నిప్పుల్లో పెట్టాడు. అచ్చు పగలగొట్టి చూశాడు.

"కుక్కా?"

ఎబ్బ తలూపింది.

"అర్థం కాకపోతే అడగొచ్చుగా తల్లీ."

కుక్క బాగానే ఉంది గానీ భుజమెక్కితే కరుస్తుందేమోనని అవ్వ నవ్వింది. ఎబ్బకి మాత్రం ఏడుపొచ్చింది.

మళ్ళీ మట్టి పిసకాలి, ఆరబెట్టాలి. పొద్దువాలేదాకా పని. బొగ్గులన్నీ ఎబ్బే మోసింది.

కొత్త మట్టిలో బిళ్ళను నొక్కి తీశాక, బొమ్మ సరిగ్గా పడిందో లేదో చూడమన్నాడు నాన్న. ఎబ్బ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. ఇటునుంచి చూసింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి అటునుంచి కూడా చూసింది.

"పడింది నాన్నా" అంది. "ఇద్దరూ పడ్డారు."