శబ్దం తగ్గించిన అక్క

పొద్దున్నే అక్క ఒకే తెల్లకోటుని మూడోసారి ఇస్త్రీ చేస్తోంది. ఆస్పత్రిలో గర్భిణులకి స్కానింగ్ చెయ్యడం ఆవిడ పని. రోజుకి పాతికమంది కడుపుల్లోకి తొంగిచూసే మనిషి, నిన్నట్నుంచి సొంత చెల్లెలి మొహంలోకి చూడలేకపోతోంది.

చెల్లెలికి ఆరో నెల. బీపీ ఎక్కువై, పాదాలు వాచిపోయి, మంచం దిగొద్దని డాక్టరమ్మ అంటే అక్క వాళ్లింటికి వచ్చేసింది. మొగుడిది ఓడ మీద ఉద్యోగం. ఒడ్డు చేరడానికి ఇంకా నాలుగు రోజులు.

"అమ్మా, దీనికి రెండు జతల బట్టలు సర్దు. ఊరికే, ఆస్పత్రిలో రెండ్రోజులు చూసి పంపించేస్తారు."

"మరి పసిబట్టలో?"

"అవి వద్దులే."

అబద్ధం చేతకానివాళ్లు ఇదిగో, ఇలాగే దొరికిపోతారు. అమ్మ చేతిలో సంచీ విసిరికొట్టింది.

"ఏం దాస్తున్నావే? నిన్న స్కాన్‌లో అంతా బాగుందన్నావుగా! నా దగ్గరా నీ నాటకాలు?"

"ఇంకేం చెప్పను?" అక్క గొంతు లేచింది. "బొడ్డుతాడులో రక్తం బిడ్డ దగ్గర్నుంచి ముందుకు పోలేక వెనక్కి తంతోందని చెప్పనా? బిడ్డ గట్టిగా అరకిలో కూడా లేదని చెప్పనా? ఈరోజే ఆపరేషన్ చెయ్యకపోతే దీని ప్రాణానికే ముప్పు, చేస్తే బిడ్డ నిలవడం కష్టం అంది డాక్టరమ్మ. ఇంటికెళ్లి నేనే చెప్తానని ఒప్పుకున్నాను. నోరు రాలేదమ్మా!"

అమ్మ ఉన్నచోటే కూలబడింది.

"నాకు తెలుసక్కా," అంది చెల్లెలు మంచం మీంచి. "పోయిన వారమే తెలిసింది."

"ఎవరు చెప్పారే?"

"నువ్వే. పెళ్లికి ముందు నీకు క్యారేజీ తెచ్చి స్కానింగ్ గదిలో తెర అవతల కూచునేదాన్నిగా! అంతా బాగుంటే గుండె చప్పుడు గదంతా మోగేలా పెట్టి, 'విన్నారా, మీ బంగారం అల్లరి' అంటావు. బాగోకపోతే శబ్దం తగ్గించేస్తావు. పోయిన వారం నాకు తగ్గించావు. నిన్న అసలు పెట్టనే లేదు."

పదకొండేళ్ల ఉద్యోగంలో తనకి ఆ అలవాటుందని అక్కకే తెలీదు.

"మరి అడగలేదేం పిచ్చిదానా?"

"అడిగితే నువ్వు ఏడుస్తావని."

వారం రోజులు ఒకే ఇంట్లో ఒకరికోసం ఒకరు నవ్వుతూ తిరిగారన్నమాట! అక్క ఆ వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆపరేషన్‌కి ముందు ఆఖరి స్కాన్. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి పెట్టక్కా. గట్టిగా. మళ్లీ వింటానో లేదో."

అక్క శబ్దం పెంచే మీట మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేకపోయింది. అమ్మ కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఎటు తిప్పాలే?"

"కుడివైపుకమ్మా."

అమ్మ చివరిదాకా తిప్పేసింది. గబగబా, ఏమీ ఎరగనట్టు, బిడ్డ గుండె గదంతా మోగింది.

"విన్నావా," అంది అక్క. "నీ బంగారం అల్లరి."

నర్సు వచ్చి పిలిచేదాకా ముగ్గురూ వింటూనే ఉన్నారు.

చెల్లెలు దక్కింది. బిడ్డ ఆ సాయంత్రం దాకానే ఉంది. మెలకువ రాగానే చెల్లెలు ముందు అక్క మొహం వెతుక్కుంది. ఈసారి అక్క చూపు తిప్పుకోలేదు. చెల్లెలి చెయ్యి గుండెకి హత్తుకుని, తన నోటితోనే చెప్పింది.