సామాన్ల కారు ఒక్కటే

"ఆ కవర్ కింద పెట్టు!"

చక్రపాణి ఉలిక్కిపడ్డాడు. చేతిలో అడవి గులాబీ. సైకిల్ హ్యాండిల్‌కి ప్లాస్టిక్ కవర్. కవర్ నిండా పూలు.

వెనక ఒక అమ్మాయి సైకిల్ ఆపి, ఒంటికాలు కంకర మీద ఆనించి నిలబడి ఉంది. హెల్మెట్ కింద మొహం ఎర్రగా ఉంది. తొక్కినందుకు కాదు, కోపానికి.

"మీరు తెలుగా?" అన్నాడు. అప్పుడు అడగాల్సిన మాటా అది!

"నువ్వు దొంగవా? ఫస్ట్ అది చెప్పు."

"దొంగతనం ఏంటండీ! పూలు. దేవుడికి."

"దేవుడు అడిగాడా?"

చక్రపాణిని అంతకుముందు ఎవరూ అడగలేదు ఆ మాట.

"కంచె పూలండీ ఇవి. మా వీధిలో తెల్లారగట్ల ఎవరు ముందు లేస్తే వాళ్ళకే."

"ఇది మీ వీధి కాదు. మిస్ మార్తా దారి. సైకిల్ బాగుంది, బుద్ధి బాలేదు."

అని వెళ్ళిపోయింది. వెనక చక్రం నుంచి చిన్న రాయి ఒకటి ఎగిరి ఇతని కాలికి తగిలింది. కావాలనే కొట్టినట్టు అనిపించింది.

ఆ అమ్మాయి పేరు అవని. పుట్టింది ఇక్కడే, ఈ పరాయిదేశపు షాంటిలీ ఊళ్ళో. పెద్దాచిన్నా లేదు, అందర్నీ నువ్వనే అంటుంది. షాంటిలీ దాటి పడమరగా అరగంట పోతే ఇళ్ళు అయిపోతాయి. గుర్రాల పొలాలు వస్తాయి. కంకర దారులు మిట్టలెక్కుతూ దిగుతూ పోతాయి. రెండు పక్కలా పొదలే కంచె. శనివారం వస్తే సైకిళ్ళవాళ్ళు అక్కడే ఉంటారు.

మధ్యలో ఒక దారి మార్తా అనే ముసలావిడ సొంతం. ఆవిడ గేటు తీస్తేనే అటు దారి, ఇటు దారి కలుస్తాయి. మూస్తే హైవే అంచున ట్రక్కుల పక్కన తొక్కాలి. అలా తొక్కే వేద కాలు విరిగింది. వేద అవని స్నేహితురాలు. గుద్దినవాడు ఆగనైనా ఆగలేదు. అప్పట్నుంచి అవని గేటు తియ్యమని మార్తా ఇంటి చుట్టూ తిరిగింది. చలికాలమంతా తిరిగింది. చివరికి మార్తా గేటుకి నంబర్ తాళం వేసి, ఆ నంబర్ అవనికి చెప్పింది. శనివారం సైకిళ్ళకి గేటు తీసేది అవనే. షరతులు రెండు. కార్లు రాకూడదు. కంచె మీద చెయ్యి పడకూడదు.

మరుసటి శనివారం చక్రపాణి మళ్ళీ వచ్చాడు. కవర్ లేకుండా.

"బ్యాగ్ చూపించు," అంది అవని.

"ఏంటండీ, ఎయిర్‌పోర్టా?"

"చూపించు."

అరటిపళ్ళు, జంతికలు. పూలు లేవు. జంతికలు తనిఖీలో సగం అయిపోయాయి.

"ఇవి ఎవరు చేశారు?"

"నేనే."

"అబద్ధం."

"ఇండియన్ స్టోర్ వాడు చేశాడు. కొన్నది నేనే."

నవ్వకూడదనుకుంది. నవ్వింది.

ఆ ఎండాకాలమంతా అలా గడిచింది. మిట్ట మీద ఆమె ముందు, ఇతను వెనక. దిగేటప్పుడు కూడా ఆమే ముందు. ఒకరోజు వాన పట్టుకుంది. దేవదారు చెట్టు కిందకి చేరారు. చక్రపాణి జేబులోంచి పాత పూల కవర్ తీసి ఇచ్చాడు.

"తలకి పెట్టుకోండి."

"ఇది ఇంకా పారేయలేదా?"

"మీరు తిట్టిన కవర్ కదా. దాచుకున్నాను."

అవని ఆ కవర్ పెట్టుకుంది. కనురెప్పల మీద చినుకులు. చక్రపాణి వాన వంక చూస్తున్నట్టు ఆమెనే చూశాడు. వాన తగ్గాక ఆమె గేటు దగ్గర ఆగి తాళం నంబర్ చెప్పింది.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

ఆ మాట ఎన్నాళ్ళు నిలబడింది? కార్తీకమాసం దాకా.

తెలుగు సంఘం కోటేశ్వరరావు ఫోన్ చేశాడు. "బాబూ, వనభోజనాలకి పార్కులన్నీ బుక్ అయిపోయాయి. నువ్వు చెప్పిన దారి పక్కన పచ్చిక ఉందిగా."

"అక్కడికి కార్లు రాకూడదు అంకుల్."

"రావయ్యా. అందరం బయటపెట్టి నడుస్తాం. సామాన్ల కారు ఒక్కటే లోపలికి. గిన్నెలు నెత్తిన పెట్టుకుని పోతామా చెప్పు?"

"మార్తాగారిని అడగాలి."

"ఆదివారం ఆవిడ చర్చికి పోతుందన్నావుగా. వచ్చేలోపు తినేసి సర్దేస్తాం. మనవాళ్ళే కదా!"

మనవాళ్ళే. ఒళ్ళు మండేది అందుకే కదా!

చక్రపాణి నంబర్ చెప్పాడు. పెద్దాయన మాట తీసెయ్యలేక చెప్పాడు. సామాన్ల కారు లోపలికి వెళ్ళింది. దాని వెనక మోకాళ్ళ నొప్పులవాళ్ళ కారు. దాని వెనక పసిపిల్లల కారు. దాని వెనక, "వాళ్ళు పోతే మనం ఎందుకు నడవాలి" అన్నవాళ్ళ కార్లు. గేటు దగ్గర చక్రపాణి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. అద్దాలు దించి, "బాగున్నావా బాబూ" అని పలకరించి మరీ వెళ్ళారు. తిప్పుకోవడానికి చోటులేక ఒక పెద్ద వ్యాన్ కంచెలోకి వెనక్కి ఎక్కింది. పొదలు పటపట విరిగాయి.

సరిగ్గా అప్పుడు అవతలి వైపునుంచి అవని వచ్చింది. వెనకాల వేద. కాలు బాగయ్యాక వేద సైకిలెక్కింది ఆరోజే. కార్లు లేని దారి అని ధైర్యం చెప్పి తీసుకొచ్చింది అవని.

మిట్ట దిగుతుంటే ఎదురుగా కోటేశ్వరరావు కారు. హారన్.

వేద ముళ్ళ కంచెలో పడింది. కాలికి ఏమీ కాలేదు. కానీ లేవలేదు. అక్కడే కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

చక్రపాణి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరో పట్టుకోమంటే పట్టుకున్న పులిహోర ట్రే ఇంకా చేతిలోనే ఉంది. అవని ఆ ట్రే చూసింది. అతన్ని చూసింది.

"గేటు ఎవరు తీశారు?"

"సామాన్ల కారు ఒక్కటే అన్నారు..."

"నీకు నేను ఇచ్చింది ఒట్టి నంబర్ కాదు. వేదని నమ్మి ఇచ్చాను. మిస్ మార్తాని ఇచ్చాను. నువ్వు పులిహోరకి అమ్మేశావ్!"

వేదని లేపి తీసుకెళ్ళిపోయింది. ఇంకో నాలుగు తిట్టినా బాగుండేది.

చర్చినుంచి వచ్చిన మార్తా విరిగిన కంచె చూసింది. గడ్డిలో కాగితం ప్లేట్లు చూసింది. సాయంత్రానికి గేటుకి కొత్త గొలుసు పడింది. సైకిళ్ళు మళ్ళీ హైవే ఎక్కాయి.

చక్రపాణి మార్తా తలుపు కొట్టి, తప్పు నాదే అన్నాడు. ఆవిడ సంజాయిషీ వినలేదు. షెడ్ వైపు వేలు చూపించింది. అక్కడ పార ఉంది.

సంఘం గ్రూపులో పెట్టాడు: "ఆరోజు వచ్చినవాళ్ళందరూ శనివారం రండి. విరిగిన చోట మొక్కలు నాటాలి." బొటనవేళ్ళు వచ్చాయి, దండాలు వచ్చాయి. శనివారం ఒక్క మనిషీ రాలేదు. చక్రపాణి గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. వెంటనే కోటేశ్వరరావు ఫోను.

"ఏంటయ్యా, ఒక్కరోజు కారు పోతే ఇంత రాద్ధాంతమా? అందరూ మెసేజ్ పెట్టారుగా!"

"పెట్టారు అంకుల్. బొటనవేళ్ళు వచ్చాయి. చేతులు రాలేదు. మీ కారు ఎదురొస్తే ఆ పిల్ల ముళ్ళలో పడింది. ఒక్కరైనా ఎలా ఉందని అడిగారా?"

పెద్దవాళ్ళతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. అయినా తప్పు మాట ఒక్కటీ లేదందులో.

చలిలో ఒక్కడే తవ్వాడు. నేల రాయిలా ఉంది. రెండో శనివారం వెనకనుంచి గొంతు వినిపించింది.

"అది గుంటా? బాత్‌టబ్బా?"

అవని. పార లాక్కుంది. తవ్వడం మొదలుపెట్టింది.

"నీ మీద కోపం పోలేదు."

"తెలుసు."

"నీ కోసం రాలేదు. దారి కోసం వచ్చాను."

"తెలుసు."

"తెలుసు తెలుసు అనకు! ఇంకా కోపం వస్తుంది!"

అతను నోరు మూసుకుని మొక్క పట్టుకున్నాడు. ఆమె మట్టి కప్పింది.

మధ్యాహ్నం అయ్యేసరికి దారిలో ఎవరో వస్తూ కనిపించారు. ముందు కోటేశ్వరరావు భార్య ఛాయాదేవి. నెత్తిమీద గుడ్డచుట్ట, దానిమీద ఉప్మా గిన్నె. వెనక పార భుజాన వేసుకుని, రొప్పుతూ కోటేశ్వరరావు.

"కారేది ఆంటీ?" అన్నాడు చక్రపాణి.

"గేటు బయట. గిన్నెలు నెత్తిన పెట్టుకుని పోతామా అన్నారుగా మీ అంకుల్. పోవచ్చని చూపిస్తున్నా." అవని వైపు తిరిగింది. "అమ్మాయీ, ఆ వేద ఇల్లెక్కడో చెప్పు. ఈయన్ని తీసుకెళ్ళి సారీ చెప్పించాలి."

"నేనే చెప్తానంటున్నాగా!" అన్నాడాయన.

"ముందు తవ్వండి."

కిటికీలోంచి మార్తా చూస్తూనే ఉంది. చలికాలం అంతా గొలుసు మాత్రం తియ్యలేదు.

నాటిన పొదలు మే నెలలో చిగురేశాయి. ఒక శనివారం గొలుసు లేదు. గేటు బార్లా తీసి మార్తా పక్కన నిలబడింది. వేద ముందు వెళ్ళింది. మెల్లగా, తర్వాత వేగంగా. మిట్ట మీదనుంచి ఆమె అరుపు వినిపించింది. ఈసారి ఏడుపు కాదు.

మార్తా పాత కంచెలోంచి ఒక్క గులాబీ కత్తెరతో కత్తిరించి చక్రపాణి చేతిలో పెట్టింది. "నీ దేవుడికి," అంది. అవని చెప్పి ఉంటుంది.

అవని సైకిల్ పట్టుకుని అతన్నే చూస్తోంది. "కోపం పోలేదు," అంది.

"తెలు..." అనబోయి ఆగాడు.

"ఇంత కోపం ఎవరి మీదా ఉంచుకోలేదు నేను. ఇన్ని నెలలు! ఎందుకో నీకే తెలియాలి, స్టుపిడ్."

చక్రపాణి దగ్గరికి వచ్చి ఆ గులాబీని ఆమె హెల్మెట్ కన్నంలో గుచ్చాడు.

"హలో! అది దేవుడిది!"

"దేవుడు అడిగాడా?"

అవని మొహం ఎర్రబడింది. ఇంకా తొక్కడం మొదలుపెట్టనేలేదు. కోపం కూడా కాదు.