తలుపు గురించి రాయని ఉత్తరం

ఆదివారం మధ్యాహ్నం టీవీలో అంతరిక్ష నౌక సీరియల్ నలభై ఒకటో ఎపిసోడ్‌లో దాలినాయుడు రెండు తప్పులు పట్టాడు. వేడి పొగ నేల మీద పాకుతోంది. అది ముందు పైకప్పును పట్టుకోవాలి. గాలి అందని హీరో గొంతెత్తి అరుస్తున్నాడు. ఆ స్థితిలో గొంతు లేవదు. రెండూ టైపు చేసి పంపాడు. పావుగంటలో తెర మీద పొగ పైకెక్కింది, హీరో గొంతు పడిపోయింది.

ఆ సీరియల్‌లో నటులు లేరు. దృశ్యాలన్నీ దిద్దరి అనే కంప్యూటర్ తయారుచేస్తుంది. ప్రేక్షకుడు చూపిన తప్పు నిజమని తేలితే, ఆ దృశ్యాన్ని మళ్లీ చేసి అన్ని ఇళ్లకూ పంపుతుంది. దాలినాయుడు ఇప్పటికి రెండువందల పన్నెండు తప్పులు చూపించాడు. విశాఖలో ఓ ఓడల మరమ్మతు యార్డులో ముప్పై ఏళ్లు ఫైర్‌మన్‌గా చేసిన మనిషి.

గురువారం దిద్దరిని తయారుచేసిన డాక్టర్ మెహరున్నీసా ఆయనకు కృతజ్ఞతలు చెప్పడానికి ఇంటికి వచ్చింది. భార్య వరాలు టీ ఇస్తూ, వంటింటి కుళాయి నెల నుంచి కారుతోందనీ, ఈయన మాత్రం ఆకాశంలో ఓడలు బాగుచేస్తున్నాడనీ చెప్పింది. ముగ్గురూ నవ్వారు. వరాలు లోపలికి వెళ్లాక డాక్టర్ అసలు విషయానికి వచ్చింది.

"మీరు రాసిందే కాదు నాయుడుగారూ, రాయకుండా వదిలిందీ దిద్దరి చదువుతుంది. ప్రతి ఎపిసోడ్‌లో తలుపులున్నాయి. వాటి మీద మీరు ఒక్క మాటా రాయలేదు."

"తలుపులు బాగానే ఉన్నాయమ్మా."

"లేవండీ. చాలా తప్పుగా ఉన్నాయి. అది మీకు తెలుసని దిద్దరి అనుకుంటోంది. ఈ ఆదివారానికి ఓ తలుపు కథ అల్లింది. ఎందుకల్లిందో మాకూ తెలీదు."

ఆదివారం ఆయన టీవీ పెట్టలేదు. వరాలే పెట్టింది.

నౌక ఇంజిన్ గదిలో మంటలు. గాలిని తరిమేసే వాయువుతో గది నింపితేనే ఆరుతాయి. ముందు ఇనుప తలుపు మూయాలి. లోపల ఒకడున్నాడు. బయటివాడు రెండుసార్లు పిలిచాడు. తలుపు మూసి, దాన్ని బిగించే చక్రం తిప్పాడు. తర్వాత విచారణలో, తాను వచ్చేసరికే తలుపు మూసి ఉందని చెప్పాడు.

ఇరవై రెండేళ్ల కిందట యార్డులో, అలాంటి గదిలో, వరాలు తమ్ముడు సింహాద్రి పోయాడు. ఆనాటి విచారణలో దాలినాయుడు చెప్పింది అక్షరాలా ఆ మాటే.

"లోపల మనిషుండగా ఎవరైనా మూస్తారేటండీ? ఇది తప్పే. రాసీండి," అంటూ వరాలు ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

తప్పని రాస్తే చాలు. పావుగంటలో తెర మీద తలుపు తెరుచుకుంటుంది, లోపలివాడు దగ్గుకుంటూ బయటికొస్తాడు. ఆయన "ఇలా జరగదు" అని టైపు చేశాడు. తలెత్తాడు. ఆ దృశ్యాన్నే మళ్లీ చూపిస్తున్నారు. తెర మీది చెయ్యి చక్రాన్ని కుడికి తిప్పుతోంది. రాసింది చెరిపి, ఇంకేదో రాశాడు.

ఏ ఉత్తరమైనా పంపేముందు వరాలు పైకి చదవడం ఆ ఇంట్లో అలవాటు.

"చక్రం ఎడమకి తిప్పాలి," చదివింది. "రెండు చుట్లు కాదు, నాలుగు. మూడో చుట్టు దగ్గర లోపలి నుంచి..."

ఆగిపోయింది. మిగతాది మనసులో చదువుకుంది. ఆయన వైపు చూడకుండా పంపేసింది.

పావుగంట గడిచింది. తెర మీద చక్రం ఎడమకి తిరిగింది. ఒకటి. రెండు. మూడో చుట్టు దగ్గర, ఇనుము మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వాళ్లింట్లోనూ, దేశంలో ఆ సీరియల్ చూస్తున్న ప్రతి ఇంట్లోనూ వినిపించింది.

కింద చిన్న అక్షరాలు వచ్చాయి: లోపం సరిదిద్దాం. ధన్యవాదాలు.