పాత గాస్కెట్

ఆ మధ్యాహ్నం గిడియన్ చేతిలో ఉన్నవి మూడే: ఒక మల్టీమీటర్, మెకానిక్ వేషం, అరగంట టైమ్. నిఘా విభాగంలో అతని తోటి ఏజెంట్ దయానందం ఇప్పుడు లేడు. "ద్రోహి మన ఆఫీసులోనే ఉన్నడు" అని మూడు రిపోర్టులు పంపినందుకు, మతి చెడిందని రాసి చీఫ్ విజయేందర్ అతణ్ణి డ్యూటీ నుంచి తప్పించాడు. ఆ కాగితం మీద రెండో సంతకం గిడియన్‌దే. వారం తిరక్కుండా పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద దయానందం శవం దొరికింది.

మూడున్నరకు అమీర్‌పేట షెడ్డులోకి ఇరవై ఏళ్లనాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు వచ్చింది. ముత్యాల కమ్మలతో చంద్రిక దిగింది. విదేశీ ముఠాలో ఉంటూ గిడియన్ ఆఫీసుకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"బోణీ అయిందా అన్నా?"

"ఇంకా చేతులే కడగలే, మేడమ్."

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది.

"ద్రోహిని గుర్తుపట్టే సాక్షిని నాలుగులోపల సోమాజిగూడల ఎక్కించుకోవాలె. కారుకేమో ఇంజిన్ చెక్ లైటు, నల్లపొగ. సెన్సర్ మార్పిచ్చుకొని జల్దీ పో అన్నడు మీ సారు."

లైటు వెలిగితే, పొగలో గాలిని కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం ఏ షెడ్డుకైనా అలవాటే. గిడియన్ మాత్రం మీటర్ తగిలించాడు. పాయింట్ వన్ వోల్ట్. పొగలో గాలి ఎక్కువుందని సెన్సర్ మాట; అది నమ్మి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ పోసుకుంటోంది, అదే నల్లపొగ. ఇంజిన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి, పెట్రోలులా మండే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టాడు. అంకె పాయింట్ నైన్‌కు ఎగిరింది.

"సెన్సర్ మంచిగనే ఉన్నది. నిజమే చెప్తున్నది. దానికంటె ముందు పొగ పైపుల ఏడనో గాలి దూరుతున్నది."

ఫోన్ మోగింది. చీఫ్. "ఇంకా పంపలేదా? సెన్సర్ మార్చి పంపెయ్!"

గిడియన్ ఫోన్ పెట్టేసి, ఇంజిన్ ఆపి, సైలెన్సర్‌లోకి ఎయిర్ పైపు పెట్టి గుడ్డ కుక్కాడు. జాయింట్ల మీద సర్ఫ్ నీళ్లు పోశాడు. సెన్సర్‌కు ముందున్న జాయింట్‌లో బుడగలు లేచాయి. బోల్టులు కొత్తవి, జాయింట్ మధ్య సందు మూసే గాస్కెట్ రేకు పాతది. ఎవరో ఈమధ్యే పైపు దించి, తొందరలో పాత గాస్కెట్‌తోనే బిగించారు.

పైపు దించే పనేమిటి?

కారు కిందికి దూరి టార్చ్ వేశాడు. పైపుకూ ఫ్లోర్‌కూ మధ్య, వేడి తగలని గుడ్డ చుట్టిన బాంబు డబ్బా. ఎర్రటి అంకెలు సెకనుకొకటి తగ్గుతున్నాయి: ఏడు, ఆరు...

కటింగ్ ప్లయర్‌తో వైరు కత్తిరించాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది. గోడ గడియారంలో సరిగ్గా నాలుగు గంటలు.

"నిన్న కారు ఎవరి దగ్గరున్నది?"

"మీ విజయేందర్ సారు దగ్గరనే. ఇంకెవ్వరికీ తాళంచెవి ఇయ్యలే." చంద్రిక కారుకు దూరంగా జరిగింది. "అంటే నన్ను సుత లేపేస్తుండెనా?"

సాయంత్రానికి విజయేందర్ చేతులకు బేడీలు పడ్డాయి. గిడియన్ లెక్క చూసుకున్నాడు. సాక్షి బతికాడు, ద్రోహి దొరికాడు, కొత్త గాస్కెట్‌తో కారు పొగ మానింది. బాగున్న సెన్సర్ కూడా పారేయకుండా మిగిలింది. దయానందాన్ని మాత్రం సంతకం పెట్టి మరీ పారేశాడు. అతనికి స్పేర్ దొరకదు.