ట్యూబు పట్టుకున్నవాళ్ల మాట

"కొంచెం గట్టిగా చెప్తారా సిస్టర్? దోమ చెవిలో రహస్యం చెప్పినట్టుంది."

పిల్లల ఐసీయూలో కొత్త నర్సమ్మాయితో ఎక్స్‌రే కుర్రాడు అన్న మొదటి మాట అది. తీపి మాటలతో మొదలైన ప్రేమలు ఏ గతి పట్టాయో చూస్తూనే ఉన్నాం. ఇది మాత్రం ఇలా మొదలైంది.

అక్కడొక పద్ధతుంది. ఊపిరి కోసం గొంతులో ట్యూబు వేసిన బిడ్డను కదపాలంటే, తలా ట్యూబూ కలిపి పట్టుకున్నవాళ్లే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. మూడు అన్నాకే మిగతావాళ్లు ఎత్తాలి. ట్యూబు జారితే బిడ్డకు ఊపిరాడదు. అందుకే ఆ కాసేపూ పట్టుకున్నవాళ్లే యజమాని, ఎంత పెద్ద డాక్టరైనా కూలీయే. లోకంలో న్యాయం మిగిలిన చోటు బహుశా అదొక్కటే.

కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఈ అమ్మాయి చేతులు బంగారం. గొంతే పెగలదు.

"ఈ వారంలోగా నీ గొంతు నాకు వినపడాలమ్మాయ్," అంది పెద్ద సిస్టర్. "లేకపోతే కింద ఓపీకి పంపించేస్తాను. అక్కడ గొణిగినా ప్రాణాలు పోవు."

ఆ మాట చెవిన పడ్డాక ఎక్స్‌రే కుర్రాడికి ఎందుకో అన్నం సయించలేదు. మర్నాటి నుంచి మెషీన్ తోసుకొచ్చినప్పుడల్లా ఆమెను రెచ్చగొట్టడమే పనిగా పెట్టుకున్నాడు.

"ఏంటి సిస్టర్, ఏమన్నారు?"

"మీకు చెవుడా?"

"హమ్మయ్య, ఇది వినపడింది. తిట్టేటప్పుడు భలే పలుకుతారే!"

"మెషీన్ కన్నా మీ నోరే ఎక్కువ పనిచేస్తుంది," అని మూతి ముడిచేది. మాస్కు వెనక మూతి కనపడదు కనుక అతను ఆమె కళ్లు చూసి తెలుసుకునేవాడు. చూడ్డానికి అదొక వంక.

శుక్రవారం పొద్దున జోరువాన. తడిసి, ఆలస్యంగా వచ్చిన డ్యూటీ డాక్టరు చిరాకు మీదున్నాడు. రెండేళ్ల బాబుకి ఛాతీ ఎక్స్‌రే తీయాలి. ఆమె తలా ట్యూబూ పట్టుకుంది. కుర్రాడు బాబు వీపు కింద పెట్టే ఎక్స్‌రే ప్లేటుతో సిద్ధంగా ఉన్నాడు.

"ఒకటి..."

"త్వరగా, త్వరగా!" అంటూ డాక్టరు బాబు భుజాల కింద చేతులు దూర్చి ఎత్తబోయాడు.

"ఆగండి!"

వార్డంతా ఆగిపోయింది. పెద్ద సిస్టర్ చేతిలో సిరంజితో సహా.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అన్నాడు డాక్టరు.

"తెలుసు సార్. ట్యూబుకి తగిలించిన వెంటిలేటర్ పైపు మంచం రెయిలింగులో ఇరుక్కుంది. ఎత్తితే ట్యూబు ఊడొస్తుంది. చేతులు కదపకండి." కుర్రాడి వైపు చూడకుండానే, "మీరు ప్లేటు పక్కన పెట్టి ఆ పైపు తీయండి," అంది.

కుర్రాడు పైపు తీసి, మళ్లీ ప్లేటు అందుకున్నాడు.

"ఇప్పుడు నేను చెప్పాకే. ఒకటి. రెండు. మూడు!"

మూడుకే ఎత్తాడు డాక్టరు. పనయ్యాక పైపుకేసి చూసి, "థాంక్స్ సిస్టర్," అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

"రేపట్నుంచి ఈ మంచం నీదే. ఒక్కదానివే చూసుకో," అంది పెద్ద సిస్టర్.

కారిడార్లో కుర్రాడు ఎదురుపడ్డాడు.

"ఎందుకలా నవ్వుతున్నారు?" అందామె.

"గర్వంగా ఉంది. మీకేం హక్కని అడగండి."

"మీకేం హక్కు?"

"అదే ఇప్పించమంటున్నాను."

ఆమె కిటికీలోంచి వానను చూస్తూ నిలబడింది. "ముందు ఒక్క డ్యూటీ సొంతంగా చెయ్యనివ్వండి. తర్వాత చెప్తాను."

మర్నాడు సాయంత్రం డ్యూటీ ముగించి, మెట్ల కింద ఉన్న కుర్రాడి దగ్గరికి పరుగున దిగింది.

"బాబుకి ట్యూబు తీసేశారండీ! వాడు ఏడ్చాడు! ట్యూబుంటే ఏడ్చినా శబ్దం రాదు కదా, ఇన్నాళ్లకి ఆ ఏడుపు విని వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని..." కళ్లు నిండాయి. తల మాత్రం దించలేదు.

ఎన్నడూ నోరు మూయని కుర్రాడు జేబురుమాలు తీసి, ఆమెకివ్వబోయి తన కళ్లే తుడుచుకున్నాడు.

"సరిపోయింది," అని నవ్విందామె. "పదండి, నన్ను తీసుకెళ్లడానికి వచ్చి గేటు దగ్గర మా నాన్న ఉన్నారు."

ఏం చెప్పాలో అతను దారంతా కూడబలుక్కున్నాడు. ఆ అవసరం రాలేదు. స్కూటర్ ముందు నిలబడి, హారన్ల మోతలో ఆమే చెప్పింది.

"నాన్నా, ఈయన నాకు కావాల్సిన మనిషి!"

తండ్రి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"వీధంతా వినపడిందిలే తల్లీ. స్కూటర్ మీద ముగ్గురం పట్టం. ఆదివారం ఇంటికి రమ్మను."