పడని వేలిముద్ర

"రేపటితోని నా బతుకు బజార్ల పడ్తదమ్మా!"

కుర్చీలో కూర్చోకముందే ముత్యమ్మ ఏడ్చేసింది. బీరంగూడలో డిటెక్టివ్ నాగవల్లి ఆఫీసుకు నవ్వుతూ వచ్చేవాళ్లు తక్కువే. అసిస్టెంట్ నర్సింగ్ మంచినీళ్లు అందించాడు.

ముత్యమ్మ గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడుగుతుంది. కాంట్రాక్టర్ రాజశేఖర్ కనీస వేతనంలో సగమే చేతికిస్తున్నాడని లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేసింది. అతను బ్యాంకు కాగితాలు తెచ్చి చూపించాడు. జీతమంతా ఆమె ఖాతాలో పడింది, ఆమే వేలిముద్ర వేసి తీసుకుంది అన్నాడు. రేపు ఫిర్యాదు కొట్టేస్తారు. కిరాయి బాకీ పడిందని ఇంటాయన సామాను బయట పెడతానంటున్నాడు.

"ఆ ఖాతా ఎవరు తెరిచిన్రు?" అని అడిగింది నాగవల్లి.

"మా సూపర్‌వైజర్ బాలరాజ్. సంతకం పెట్టుమన్నడు, పెట్టిన. ఆ బ్యాంకు మొఖం గూడ నేను సూడలే."

"రేషన్ బియ్యం ఎట్ల తెచ్చుకుంటున్నవ్?"

"మిషిన్ల నా ఏలు పడదమ్మా. కన్ను సూపెట్టి తెచ్చుకుంట."

కొంప మునుగుతుంటే బియ్యం గొడవేమిటో నర్సింగ్‌కు అర్థం కాలేదు. అడిగినా మేడమ్ ఇప్పుడే చెప్పదు.

మర్నాడు లేబర్ ఆఫీసర్ చలపతిరావు గదిలో రాజశేఖర్, బాలరాజ్‌తో సహా అందరూ కూర్చున్నారు. నాగవల్లి కోరగా బ్యాంకు మనిషి వేలిముద్రల మిషన్ తెచ్చాడు. ముత్యమ్మ ఒక్కో వేలూ పెట్టింది. ఒక్కటీ పడలేదు.

"డ్రమ్ములల్ల మందు ఈమె వేళ్ల గీతలు తినేసింది సార్. పైసలు తీసిన వేలు ఈమెది కాదు. మరి ఎవరిది? ఖాతా తెరిచినాయనది. బాలరాజ్, ఇగ నువ్వు పెట్టు."

బాలరాజ్ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. "సార్ చెప్పిండనే చేసిన" అంటూ రాజశేఖర్‌ను చూపించాడు.

ముత్యమ్మ పేరు మీద ఖాతా తెరిచి, ఆమె ఆధార్‌కు బదులు తన ఆధార్ జోడించాడు. పూర్తి జీతం పడగానే తన వేలితో తీసి, సగం ఆమెకిచ్చి మిగతాది రాజశేఖర్‌కు ముట్టజెప్పాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నాగవల్లి పట్టేసింది.

రాజశేఖర్ ముత్యమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ పైసలన్నీ ఇప్పుడే ఇస్త అక్కా. ఫిర్యాదు వాపస్ తీసుకో, ఖతం."

ఒప్పుకుంటే ముత్యమ్మకు సాయంత్రానికి కిరాయి తీరిపోతుంది. నర్సింగ్ మేడమ్ వైపు చూశాడు. తేల్చుకోవాల్సింది ముత్యమ్మేనని ఆమె పక్కకు జరిగింది. బయట వరండాలో ముత్యమ్మతో డ్రమ్ములు కడిగే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లకూ సగం జీతమే చేతికొస్తోంది గానీ, పని పోతుందని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

ముత్యమ్మ లేచి వెళ్లి తలుపు తీసింది.

"సత్తెమ్మా, అందరు లోపలికి రాండ్రి. కాంట్రాక్టర్ పైసలిస్తనంటున్నడు. మీయి గూడ అడుగుండ్రి."